సమాసంలో దాగిన సంబంధం

మొయినాబాద్ చుట్టుపట్ల పల్లెలనుంచి వచ్చే విద్యార్థులకు నేను తెలుగు చెబుతాను. ఇంగ్లీషు సమాసాలంటే వారికి బెదురు. తమ యింట్లో ఉన్న వ్యాకరణం వ్యాకరణమేనని వారికి ఎవరూ చెప్పకపోవటమే ఆ బెదురుకు మూలం.

'బర్రెపాలు' అంటే పాలు. 'పాలబర్రె' అంటే బర్రె. చివర నిలిచిన పదం ప్రధానం, ముందుది దానికి విశేషణం. పాడి ఉన్న యింట్లో పుట్టిన ఏ పిల్లవాడికి యీ భేదం తెలియదు? ఇంగ్లీషులో రెండు నామవాచకాలు కలిసేటప్పుడూ సాధారణంగా యిదే సూత్రం. 'బఫెలో మిల్క్' పాలు, 'మిల్క్ బఫెలో' బర్రె. కలిపి రాసినా, విడదీసి రాసినా, నడుమ అడ్డగీత పెట్టినా సమాసం సమాసమే. చాలాచోట్ల దాన్ని పట్టియిచ్చేది మొదటి పదంమీద పడే ఊనిక. 'బ్లాక్‌బోర్డు'లో మొదటి పదాన్ని ఊది పలికితే అది పాఠం రాసే బల్ల. ఆకుపచ్చ రంగు పూసినా ఆ పేరు పోదు. రెంటినీ సమంగా పలికితే ఏదో వొక నల్లటి చెక్క.

అయితే మన వ్యాకరణం మరొక పని చేయిస్తుంది. విగ్రహవాక్యం చెప్పమంటుంది, అంటే రెండు పదాల నడుమ దాగిన సంబంధాన్ని బయటపెట్టమంటుంది. చిలుకూరు దేవుణ్ణి జనం 'వీసా బాలాజీ' అన్నారు. వీసా యిప్పించే బాలాజీ: మధ్యమపదలోపి. ఆ అతుకు వేయటానికి వారు ఏ పండితుడి అనుమతీ అడగలేదు. లోపించిన ఆ 'యిప్పించే'లో వొక తరం యువకుల ఆశా, ఆందోళనా ఉన్నాయి.

ఇక 'ఫాంహౌస్'. జంట జలాశయాల రక్షణకై 1996లో వచ్చిన 111 నంబరు ఉత్తరువు యీ ప్రాంతపు కట్టడాలకు హద్దులు పెట్టింది. అయినా యీ మాట యిక్కడి నోళ్లలో స్థిరపడింది. ఇంగ్లీషు పల్లెలో దీని విగ్రహం 'సేద్యగాడు కాపురముండే యిల్లు'. ఇక్కడ 'సెలవునాడు నగరవాసి వచ్చిపోయే యిల్లు'. పదాలు అవే, క్రమం అదే, సంబంధం తలకిందులయింది. 'హౌస్' ప్రధానమై, 'ఫాం' విశేషణంగా మిగిలింది. నేలమీద జరిగిందీ అదే గదా!

పరీక్షలో దీనికి విగ్రహవాక్యం అడిగాను. వొక విద్యార్థిని రాసింది: 'మా నాయన అమ్మిన చేనులో యితరులు కట్టిన యిల్లు.' ఏ వ్యాకరణంలోనూ ఆ సమాసానికి పేరు లేదు. పూర్తి మార్కులు వేశాను.