పుట్టినింటి పేరు

మన కోలారు సీమలో తెలుగువారి యింటిపేర్లకు విచిత్రమైన గతి పట్టినది. ఆంధ్రదేశమందు ఇంటిపేరు మనుష్యుని పేరునకు ముందు నిండుగా నిలుచును. ఇచ్చట అది కుదించుకొనిపోయి ఒంటి పొడి అక్షరమైనది. ముద్దేనహళ్ళిలో పుట్టిన విశ్వేశ్వరయ్యగారి పేరునకు ముందున్న అక్షరమును విప్పినచో మోక్షగుండమను తెలుగు గ్రామము బయటపడును. పురుషునకు ఆ యక్షరమైనను కడవరకు నిలిచినది. ఆడుబిడ్డకు పెండ్లితో అదియును మారిపోవును.

మాలూరు తాలూకా లక్కూరిలోని మా యింటి పాతకాగితములలో మా అవ్వగారు ఫలానావారి భార్య యని యున్నది గాని, ఫలానావారింటి ఆడుబిడ్డ యని ఎచ్చటను లేదు. ఆమె పుట్టినింటి పేరు నోటిమాటగా మాకు దక్కినది. సంబంధములు వెదకునప్పుడే దానితో పని. ఒకే యింటిపేరువారు అన్నదమ్ముల వరుస యగుదురు గదా!

జర్మనుభాష మాటలాడువారు దీనికొక చిన్నమాట నేర్పరచుకొనిరి. భర్త యింటిపేరు వెనుక ‘గెబోరెనె’, అనగా పుట్టినది, అని చేర్చి పుట్టినింటి పేరు వ్రాయుదురు. మహాకవి గేటే తల్లి యిట్లే ‘గేటే, గెబోరెనె టెక్స్టర్’. చట్టము మాత్రము మెల్లగా కదలినది. పశ్చిమజర్మనీలో భార్య తన పేరును భర్త పేరునకు జతచేసికొను హక్కు 1957 నాటి శాసనముతో వచ్చినది. ఒప్పందము కుదరనిచో భర్త పేరే చెల్లునను నియమమును రాజ్యాంగ న్యాయస్థానము 1991లో గాని కొట్టివేయలేదు. (ఆంగెలా మెర్కెల్ గారి పుట్టినింటి పేరు కాస్నర్. మెర్కెల్ అనునది మొదటి భర్త పేరు. రెండవ వివాహమైన పిదపను ఆమె దానినే నిలుపుకొనిరి.)

మనకు ఈ పేరు ఆస్తితో ముడిపడినది. అవిభక్త హిందూ కుటుంబపు ఆస్తిలో పుట్టుకతో భాగము కర్ణాటకమున 1994లో అప్పటికి పెండ్లికాని కూతుండ్రకును, 2005లో దేశమంతట కూతుండ్రందరకును లభించినది. హక్కు వచ్చినది సరే. వంశవృక్షపత్రమునకై పోయినచో పుట్టినింటి అక్షరముతో ఒక కాగితము, మెట్టినింటి అక్షరముతో మరియొక కాగితము చూపి, ఇద్దరును ఒక్కతెయే యని రుజువు చేయవలెను. మా బంధువులలో ఒక ఆడపడుచు ఇందుకై ఒక కార్యాలయమునకు ఆరుమార్లు తిరిగినది. ఏడవమారు తన పెండ్లి శుభలేఖ తీసికొనిపోయినది. అందు ఇరువంశముల యింటిపేర్లును నిండుగా అచ్చయియుండుటచే పని జరిగినది.

ఆ పిమ్మట మా యింట శుభలేఖలను దేవుని పెట్టెలో దాచుచున్నాము. అవ్వగారి పేరు ప్రక్కన ఆమె పుట్టినింటి పేరును పూర్తి అక్షరములలో వ్రాసి పెట్టితిమి.