కొలరాడో కొండల్లో మా మణి

ఈ సంచికకు అమెరికా ప్రయాణం గురించి నాలుగు ముక్కలు రాయమని సంపాదకులు అడిగారు. నయాగరా జలపాతం, స్వేచ్ఛా విగ్రహం గురించి ఇప్పటికే చాలామంది రాసేశారు. నేను రాయబోయేది ఒక కుక్క గురించీ, దాన్ని కాపాడడానికి కొనాలా వద్దా అని మా ఇంట్లో వారం రోజులు నలిగిన ఒక తుపాకీ గురించీ. ఇంటిల్లిపాదీ చదివే పత్రికలో తుపాకీ గొడవేమిటని ముక్కున వేలేసుకోకండి. మన పిల్లలు అక్కడ కుక్కల్ని పెంచుతున్నారు, సెలవు దొరికితే కొండలెక్కుతున్నారు. కనుక ఈ సంగతి ఎవరికో ఒకరికి అక్కరకొస్తుంది.

మాది హోసూరు. మా అబ్బాయికి డెన్వర్ పక్కన ఉద్యోగం. 2024 వేసవిలో నేనూ మా ఆవిడా మూడు నెలలు వాళ్ళ దగ్గర ఉన్నాం. డెన్వర్ సముద్రమట్టానికి 5,280 అడుగుల ఎత్తున ఉంది. సరిగ్గా ఒక మైలు. ఊరికి పడమట రాకీ పర్వతాలు గోడ కట్టినట్టు నిలబడి ఉంటాయి. శనివారం వస్తే చాలు, ఊళ్ళో సగంమంది వీపున సంచీ, చేతిలో కుక్క గొలుసుతో అటే బయలుదేరతారు.

మా వాళ్ళ కుక్క పేరు మణి. తమిళ సీమలో పెరిగినవాళ్ళం కదా, కుక్క అనగానే నోటికి వచ్చే పేరు అదే. పదిహేను కిలోలుంటుంది. మా మనవడికి అదే తమ్ముడూ, అదే స్నేహితుడూ.

మేము వెళ్ళిన రెండో వారంలోనే వీధి చివర ఇంటివాళ్ళ బుల్లి కుక్కను పెరట్లోంచి కయోటీ ఎత్తుకుపోయింది. కయోటీ అంటే మన నక్కకూ తోడేలుకూ మధ్య రకం జంతువు. ఇక మా కోడలు పట్టుబట్టింది. "మణిని కొండకు తీసుకెళ్ళేది లేదు" అంది. మనవడు అన్నం మానేశాడు. అబ్బాయి రాత్రంతా ఆలోచించి, "నాన్నా, నడుముకు తగిలించుకునే తేలికపాటి తుపాకీ ఒకటి కొంటే ఎలా ఉంటుందంటారు?" అన్నాడు. నాకు గుండె గుభేలుమంది. మన ఇళ్ళల్లో తుపాకీని చూసినవాళ్ళెవరు? పోలీసు స్టేషన్లోనో, బ్యాంకు గుమ్మం దగ్గరో తప్ప!

పక్కింటి పెద్దాయన బడిపంతులుగా చేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. ఎన్నో ఏళ్ళుగా కుక్కతో ఆ కొండలు తిరుగుతున్న మనిషి. ఆయన్ని అడుగుదామన్నాను. ఆయన తుపాకీ సంగతి ఎత్తకముందే మా వాడి వీసా ఏమిటని అడిగారు. హెచ్-1బి అన్నాడు. "అయితే ముందు చట్టం చూసుకో" అన్నారు. అక్కడి కేంద్ర చట్టం ప్రకారం వలసేతర వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. వేట లైసెన్సు ఉన్నవాళ్ళకు ఉన్నట్టు కొన్ని మినహాయింపులున్నాయి. గ్రీన్‌కార్డు వచ్చినవాళ్ళకు ఆ నిషేధం లేదు. సందర్శక వీసా మీద వెళ్ళిన నాబోటి వాళ్ళకూ అదే కట్టడి. అందుకని ఆయన తన రివాల్వర్ బల్లమీద పెట్టి వివరిస్తుంటే నేను చేతులు కట్టుకుని చూశానే తప్ప తాకలేదు.

ఆయన చెప్పిన వాటిల్లో నా మనసులో నాటుకున్నది బరువు లెక్క. ఎలుగుబంటిలాంటి జంతువును ఆపాలంటే బలమైన తూటా కావాలి. 1935లో వచ్చిన .357 మాగ్నమ్, 1955లో వచ్చిన .44 మాగ్నమ్ అలాంటివి. .44 పేల్చే ఉక్కు రివాల్వర్ కిలో దాటి తూగుతుంది. రోజంతా మోయలేమని స్కాండియం కలిపిన అల్యూమినియంతో, టైటానియంతో సుమారు 700 గ్రాములకే చేసినవి కూడా వచ్చాయి. మోయడానికి హాయే. కానీ తూటా అదే, మందు అదే. తుపాకీ ఎంత తేలికైతే వెనక్కు అంత గట్టిగా తన్నుతుంది. మొదటి గుండు పేలాక చెయ్యి అదిరి పైకి లేస్తుంది. రెండోది ఎక్కడికి పోతుందో పేల్చినవాడికే తెలియదు. నెలల తరబడి సాధన చేసినవాడికి తప్ప ఆ తేలికదనం పనికిరాదు.

"దానికి మించిన చిక్కు ఇంకోటుంది. మృగం కుక్కను పట్టుకుందంటే రెండూ ఒకే ముద్దగా దొర్లుతుంటాయి. నువ్వు ఎవరిని కాలుస్తావు?" అన్నారాయన. మా అబ్బాయి ముఖం పాలిపోయింది.

చట్టం చిక్కు కూడా తక్కువేమీ కాదు. పెద్ద జాతి గ్రిజ్లీ ఎలుగు కొలరాడోలో ఇప్పుడు లేదు. చివరిసారి అక్కడ దాన్ని చంపింది 1979లో. ఉత్తరాన మోంటానా, వయోమింగ్‌లలో ఉంది. 1975 నుంచి దానికి కేంద్ర చట్టం రక్షణ ఉంది. మనిషి ప్రాణం కాపాడుకోవడానికి తప్ప దాన్ని కాల్చకూడదు. కుక్క కోసం కాల్చానంటే ఒప్పుకోరు. మన దేశంలోనూ ఇంతే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తన ప్రాణానికో మరొకరి ప్రాణానికో ముప్పు వచ్చినప్పుడే మినహాయింపు ఇస్తుంది. ఆ 'మరొకరి'లో కుక్క లేదు.

మరి ఆయన ఏం పట్టుకెళతారు? తుపాకీ పెట్టెలో పెట్టి తాళం వేసి, గోడకు తగిలించి ఉన్న ఒక డబ్బా తీసి చూపించారు. ఎలుగుల కోసం చేసిన మిరపఘాటు స్ప్రే. డబ్బాతో కలిపి అరకిలో కూడా ఉండదు. మీట నొక్కితే పది గజాల దూరం దాకా ఎర్రటి పొగమబ్బులా చిమ్ముతుంది. గురి అంత కచ్చితంగా ఉండక్కర్లేదు. మృగం, కుక్క కలగలిసి ఉన్నా రెండూ తుమ్ముకుంటూ విడిపోతాయి గానీ చావవు. మన మిరపకాయ ఇంత పని చేస్తుందని గుంటూరు చుట్టాలకు చెప్పాలనిపించింది!

ఇది ఆయన ఒక్కడి మాట కాదు. టామ్ స్మిత్, స్టీఫెన్ హెరెరో అనే శాస్త్రజ్ఞులు తమ సహచరులతో కలిసి అలాస్కాలో 1985 నుంచి 2006 దాకా జరిగిన సంఘటనలు పరిశీలించి 2008లో ప్రచురించారు. స్ప్రే వాడినప్పుడు నూటికి తొంభైసార్లు ఎలుగు ఆగిపోయింది. 2012లో తుపాకులమీద ఇంకో లెక్క తీశారు. 269 సంఘటనల్లో చేతి తుపాకీ నూటికి 84 సార్లు పనిచేసింది. అది తీసిపారేసే అంకె కాదు. అయితే తుపాకీ దగ్గర ఉన్నవాళ్ళలో దాన్ని పేల్చినవాళ్ళకూ పేల్చనివాళ్ళకూ గాయాల విషయంలో తేడా కనబడలేదు.

స్ప్రేకూ లోపాలున్నాయి. ఎదురుగాలి వీస్తే మన కళ్ళలోనే పడుతుంది. విమానంలో చేతి సంచీలోనూ, పెద్ద పెట్టెలోనూ తీసుకెళ్ళనివ్వరు. దోమల మందులా ముందుగా ఒంటికి గానీ కుక్కకు గానీ పూయకూడదు. సంచీ అడుగున పడేస్తే ఉన్నా లేనట్టే. నడుముకు, చెయ్యి వేయగానే తగిలేటట్టు ఉండాలి.

వీటన్నిటికన్నా ముందు ఆయన మా మనవడి చేతిలో పెట్టింది ఆరడుగుల పట్టీ. గొలుసు విప్పిన కుక్క అడవిలోకి దూసుకుపోయి ఎలుగు మీద మొరుగుతుంది. అది తరిమితే ప్రాణభయంతో యజమాని కాళ్ళ దగ్గరికే పరిగెత్తుకొస్తుంది, వెనకాల ఎలుగును వెంటబెట్టుకుని. ఉత్తర అమెరికాలో 2010–2014 మధ్య జరిగిన నల్ల ఎలుగు దాడులను పరిశీలిస్తే సగానికి పైగా కుక్కలున్న సందర్భాలేనని హెరెరో బృందం తేల్చింది. కుక్కను మనం కాపాడడం సరే, అది మన మీదికి తెచ్చే ఆపద సంగతి ఎవరు ఆలోచిస్తారు?

ఆ మరుసటి శనివారం బ్రెయినార్డ్ సరస్సుకు వెళ్ళాం. 10,300 అడుగుల ఎత్తు, మన ఊటీకన్నా దాదాపు మూడు వేల అడుగులు పైన. నాలుగడుగులు వేస్తే ఆయాసం. రాకీ మౌంటెన్ జాతీయ పార్కులో కాలిబాటల మీదికి కుక్కల్ని రానివ్వరు. ఇది రూజ్‌వెల్ట్ జాతీయ అటవీ ప్రాంతం కనుక రానిస్తారు, కానీ పట్టీ చేతిలో ఉండాలి. జూలైలో కూడా శిఖరాల మీద మంచు చారలు, నీళ్ళలో వాటి నీడ. మా ఆవిడ మానససరోవరం ఇలాగే ఉంటుందేమో అంది.

వంపు తిరగ్గానే విల్లో పొదల్లో మూస్ నిలబడి ఉంది. గుర్రమంత ఎత్తున్న దుప్పి, పక్కన పిల్ల. 1978లో బయటినుంచి తెచ్చి వదిలితే కొలరాడోలో బాగా పెరిగాయట. గడ్డి మేసేదే గదా అనుకోకండి. కుక్క దాని కంటికి తోడేలులా కనబడుతుంది, కాళ్ళతో తొక్కి చంపేస్తుంది. మణి మొరుగుతూ ముందుకు దూకింది. పట్టీ బిగిసింది. మూస్ చెవులు వెనక్కి వాలాయి, మెడమీద వెంట్రుకలు నిక్కాయి. అబ్బాయి స్ప్రే మీద చెయ్యి వేశాడు. మనవడు మణిని రెండు చేతులా ఎత్తుకుని, వాళ్ళ నాన్న చెప్పినట్టే మాట్లాడకుండా లావుపాటి చెట్టు వెనక్కు జరిగాడు. మేమూ ఒక్కొక్క అడుగే వెనక్కి. రెండు నిమిషాలు. అంత పొడుగు నిమిషాలు నేను చూడలేదు. మూస్ పిల్లను తోలుకుని నీళ్ళలోకి దిగిపోయింది. డబ్బా మీట నొక్కే పనే పడలేదు.

ఈ పాఠం అక్కడితో ఆగేది కాదు. మహారాష్ట్రలో అకోలే ప్రాంతపు చిరుతల తిండిని విద్యా ఆత్రేయ బృందం పరిశీలిస్తే అన్నిటికన్నా ఎక్కువ వాటా పెంపుడు, వీధి కుక్కలదేనని 2014లో తేలింది. హిమాలయాల్లో గొర్రెలకాపరులు కుక్క మెడకు ఇనుపముళ్ళ పట్టీ వేస్తారు, చిరుత మొదట మెడ పట్టుకుంటుంది కనుక. మా హోసూరు చుట్టుపక్కల తోటల్లో ఉన్నవాళ్ళు చీకటి పడ్డాక కుక్కను కొట్టంలో కట్టి తలుపు వేస్తే చాలు, సగం భయం తీరుతుంది.

మీ పిల్లలు కుక్కతో కొండకు వెళుతున్నామని ఫోనులో చెబితే అన్నం తిన్నావా అని అడిగినట్టే ఇవి కూడా అడగండి. పట్టీ ఉందా? స్ప్రే నడుముకు ఉందా? ఆ అడవి నిబంధనలు చదివావా? తుపాకీ మాట వస్తే వీసా సంగతి గుర్తుచేయండి. అడవి వాటి ఇల్లు. మన కుక్కను చుట్టపుచూపుగా తీసుకెళుతున్నాం, చుట్టాల్లాగే చేతులు దగ్గర పెట్టుకుని తిరిగి రావాలి.