కాటా దాకా నలభై అడుగులు

గుంటూరు మిర్చియార్డు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల్లోకి ఎవరెళ్లినా ముందు ఎదురొచ్చేది ఘాటే. అక్కడి ఒక షెడ్డు గుమ్మంలోనే నాకు దగ్గు పట్టుకుంది. లోపల ఆడవాళ్లు ముక్కుకు కొంగు అడ్డం కట్టుకుని, చేతులకు కొబ్బరినూనె రాసుకుని, బారులు బారులుగా కూర్చుని తేజ రకం కాయల తొడిమలు తీస్తున్నారు. ఈ కాయ చైనా దాకా పోతుంది. తొడిమ తీసిన సరుకుకు గిరాకీ ఎక్కువ.

టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మోసే ముఠా వాళ్లు, కాటా దగ్గర లెక్క రాసేవాళ్లు, మేస్త్రి, అందరూ మగవాళ్లే. తొడిమ పనికి మాత్రం ఒక్క మగవాడూ కూర్చోలేదు.

ఆడామగా ఒకే పని చేస్తే ఒకే కూలి ఇవ్వాలని 1976లోనే చట్టం వచ్చింది. పనినే ఆడ పని, మగ పని అని విడగొట్టేస్తే ఇక ఎవరి కూలితో ఎవరి కూలి పోల్చాలి? మోతకు టిక్కీ లెక్క, తొడిమకు కిలో లెక్క. కూర్చుని చేసేదే కదా, తేలిక పని అంటాడు మేస్త్రి. పొద్దుగూకేదాకా వేళ్లు మండుతున్నా వంచిన నడుము ఎత్తని వాళ్లెవరూ ఆ మాట అనరు.

గోడవారగా కూర్చున్న ఒకామెకు చిన్నప్పుడే పోలియోతో ఎడమకాలు చచ్చుబడింది. బొటనవేలి గోరు తొడిమ మొదట్లో ఆనించి ఒక్క తిప్పు తిప్పుతుంది. కాయ చిట్లదు, గింజ రాలదు. ఆమె పనికి మేస్త్రి కూడా వంక పెట్టడు. అయినా పక్కవాళ్ల కన్నా ఆమెకు కూలి తక్కువే పడుతోంది. ఆమె కూర్చున్న చోటికీ కాటాకూ నలభై అడుగులుంటుంది. కుప్ప దగ్గర్నుంచి కాయలు తెచ్చుకోవాలి, తీసినవి గంపలో కాటాకు చేర్చాలి. పక్కవాళ్లు మోసిపెడతారు గానీ వాళ్లదీ కిలో లెక్కే, ఎన్నిసార్లని అడుగుతుంది? మరుగుదొడ్డికి మూడు మెట్లున్నాయి, పట్టుకోవడానికి కమ్మీ లేదు. అందుకని అంత ఘాటులోనూ మధ్యాహ్నం దాకా నీళ్లు తాగదు.

"నా చేతులకేమైందమ్మా, కాలేగా పోయింది" అందామె.

2011 జనగణన ప్రకారం దేశంలో వికలాంగులైన మగవాళ్లలో 47 శాతం ఏదో ఒక పని చేస్తుంటే, ఆడవాళ్లలో 23 శాతమే చేస్తున్నారు. ఈ తేడా చాలావరకు ఇంట్లోనే మొదలవుతుంది. కాలు లేని కొడుక్కి చిల్లరకొట్టు పెట్టించే ఇల్లు, అదే స్థితిలో ఉన్న కూతుర్ని ఇంటిపట్టున ఉండమంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలైంది. అది ఆమెకు పెద్ద ఆసరా. కానీ పింఛను వస్తుంటే ఇంకా కూలికెందుకని ఇంట్లో గొణుగుడు మొదలైందట. పింఛను ఎంత హక్కో ఈ కూలీ అంతే హక్కు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ కొలువుల్లో కనీసం 4 శాతం కేటాయించమంది. బడి మధ్యలో మానేసిన ఆమెకు ఆ కొలువులు అందలేదు. అందిన ఈ షెడ్డుకు ఆ కోటా వర్తించదు.

ఆమె అడుగుతున్నదల్లా కాటా పక్కన కాస్త చోటు. కాదంటే కాయలు తోసుకోవడానికి ఒక చక్రాల బండి. ఆ సంగతే మేస్త్రిని అడిగాను. కాటా దగ్గర ముఠా వాళ్లకు అడ్డమవుతుందన్నాడు. బండి గురించి యజమానితో మాట్లాడతానని ఒప్పుకున్నాడు. మరుగుదొడ్డి మెట్ల మాటకు మాత్రం బదులివ్వలేదు.