యోగము సులభము, క్షేమము కష్టము

లభింపని దానిని పొందుట యోగము. లభించిన దానిని రక్షించుకొనుట క్షేమము. గీత తొమ్మిదవ అధ్యాయమునకు భాష్యము రచించుచు శంకర భగవత్పాదులు ఈ రెండింటిని ఇట్లు వివరించిరి. పలాసకు చెందిన ఒక జీడిపప్పు వ్యాపారికి ఈ భేదము ఒక కారు మూలమున బోధపడెను.

అతడు విశాఖపట్నమున పదేండ్లు వాడిన జర్మనీ దేశపు సెడాన్‌ను కొనెను. కొత్తదాని ధరలో నాల్గవ వంతుకే లభించినదని మురిసెను. ఆర్.సి. పరిశీలించెను, బ్యాంకు అప్పు తీరినదని నిర్ధారించుకొనెను, సర్వీసు రికార్డును మాత్రము అడుగలేదు. వాహనపూజ జరిగినది, చక్రముల క్రింద నిమ్మకాయలు నలిగినవి. యోగము సిద్ధించెను.

విలాస వాహనము పాతబడిన కొలది దాని వెల తగ్గును గాని, విడిభాగముల వెల తగ్గదు. మూడవ మాసమున ఇంజను వేడెక్కినప్పుడెల్ల గేరు పట్టు వదలుచుండెను. మరమ్మతుకు చెప్పిన మొత్తము, ఉద్దానములోని కొబ్బరితోటకై దాచిన సొమ్ముతో సమానము. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఆ తోటను నేలమట్టము చేసినది. తిరిగి నాటిన మొక్కలు అప్పుడప్పుడే కాపునకు వచ్చుచున్నవి. ఎరువు, నీరు ఆపినచో ఏండ్ల నిరీక్షణ వ్యర్థమగును.

కారును అమ్మదలచెను. మధ్యవర్తి, “బండి చల్లగా ఉన్నప్పుడు చూపించి ఇచ్చేద్దామండీ. మీకూ అలాగే కదా అంటగట్టారు” అనెను.

ఆ రాత్రి అతనికి నిద్ర పట్టలేదు. మోసపోయినవాడు ఆ నష్టమును మరియొకనికి దాటించుట న్యాయమేనని మనస్సు వాదించెను. కఠోపనిషత్తు దేహమును రథముగను, బుద్ధిని సారథిగను, మనస్సును పగ్గముగను నిరూపించినది. ఆ రాత్రి పగ్గమే సారథిని లాగుచుండెను.

మరునాడు టెక్కలి నుండి ఒక యువకుడు బేరమునకు వచ్చెను. వ్యాపారి తాళము చేతికిచ్చి, “అరగంట నడిపి చూడు బాబూ. వేడెక్కితే గేరు జారుతుంది. బాగు చేయించాలంటే చాలా అవుతుంది” అనెను. యువకుడు నమస్కరించి వెడలెను. చివరకు లోపమెరిగిన ఒక వర్క్‌షాపు యజమాని, వ్యాపారి పెట్టిన ధరలో సగమిచ్చి కారును తీసికొనెను.

నష్టము నష్టమే, సత్యము దానిని పూడ్చలేదు. అయినను తోటకై దాచిన సొమ్ము చెక్కుచెదరలేదు, ఎరువు సకాలమున అందినది. లభించిన వాటిలో ఏది రక్షింపదగినదో వివేచించుటయే క్షేమమునకు మొదటి మెట్టు. అతడు కారును రక్షించుకొనలేదు. తోటను, మాటను రక్షించుకొనెను.