వికారం చెప్పే మాట

మనిషికి మాట రాకముందే దేహానికి భాష ఉన్నది. ఆకలి, దాహం, నొప్పి, వికారం ఆ భాషలోని పదాలు. వీటిలో వికారాన్ని ఎవరూ గౌరవించరు. అది కలిగినవాడు సిగ్గుపడతాడు, చూసినవారు నవ్వుతారు. కాని లోపలికి చేరిన విషాన్ని గుర్తించి గడపలోనే అడ్డగించే కావలివాడు వికారమే. స్నేహితుడు అందించిన రంగుల వేప్‌ను నోట పెట్టుకొని, నాలుగైదుసార్లు గాఢంగా పీల్చిన యువకునికి తల తిరుగుతుంది, చెమటలు పడతాయి, కడుపులో తిప్పుతుంది. పక్కవారు దానిని అలవాటు లేకపోవడం అంటారు. దేహం దానిని విషం అంటున్నది. ఈ రెండు మాటలలో ఏది నిజమో తెలుసుకోవడం నేటి విద్యార్థికి అవసరం.

వేప్‌లో పొగ లేదు, నిప్పు లేదు, బూడిద లేదు. కనుక అది నిరపాయమని చాలామంది భావిస్తారు. ఈ భావన ఎంత పొరపాటో తెలియాలంటే పొగాకు చేలను తలచుకోవాలి. పొగాకు మొక్క తన వేళ్ళలో నికోటిన్‌ను తయారుచేసి ఆకులకు పంపుతుంది. అది మనిషి వినోదం కోసం చేసిన ఏర్పాటు కాదు. ఆకును కొరికే పురుగుల నుంచి మొక్క చేసుకొన్న ఆత్మరక్షణ. 1828లో జర్మన్ శాస్త్రవేత్తలు పోసెల్ట్, రైమన్ దీనిని ఆకు నుంచి వేరుచేశారు. చాలాకాలం రైతులు పొగాకు కషాయాన్ని పురుగుమందుగా పంటలపై చల్లారు.

ప్రకాశం, నెల్లూరు జిల్లాల పల్లెలకు పొగాకు జీవనాధారమైన పంట. పొగాకు పండే ఏ దేశంలోనైనా మంచుకు తడిసిన పచ్చి ఆకులను కోసి, చంకన పెట్టుకొని మోసే కూలీలకు ఒక జబ్బు పొంచి ఉంటుంది. ఆకు మీది తడిలో కరిగిన నికోటిన్ చర్మం గుండా రక్తంలోకి చేరుతుంది. ఫలితంగా తలనొప్పి, తల తిరగడం, వాంతులు, నీరసం. వైద్యులు దీనిని పచ్చి పొగాకు జబ్బు అంటారు. 1970లో అమెరికాలోని ఫ్లోరిడా పొలాలలో ఇది తొలిసారి వైద్యుల దృష్టికి వచ్చింది. ఆ కూలీలు చుట్ట ముట్టించలేదు, పొగ పీల్చలేదు. అయినా వాంతి చేసుకొన్నారు. అంటే వికారానికి పొగ అవసరం లేదు. నికోటిన్ ఒక్కటి చాలు.

ఆ నికోటిన్‌నే వేప్ మరింత సులువుగా లోపలికి పంపుతుంది. నేటి ఈ-సిగరెట్‌కు 2003లో చైనా ఔషధ నిపుణుడు హాన్ లిక్ రూపమిచ్చాడు. చిన్న బ్యాటరీ, వేడెక్కే తీగచుట్ట, దానిని అంటిన దూది, దూదిలో ఇంకిన ద్రవం – ఇదే దాని నిర్మాణం. పీల్చగానే తీగ వేడెక్కి ద్రవాన్ని ఆవిరిగా మారుస్తుంది. ద్రవం అయిపోగానే పారవేసేది డిస్పోజబుల్ వేప్.

బ్రిటన్ చట్టం ప్రకారం ఇటువంటి పరికరంలో 2 మిల్లీలీటర్ల ద్రవం, మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాముల నికోటిన్ మించరాదు. అంటే గరిష్ఠంగా 40 మిల్లీగ్రాములు. మిల్లీలీటరుకు 50 మిల్లీగ్రాములు గలవి కూడా కొన్ని దేశాలలో అమ్ముడుపోయాయి. సిగరెట్ కాల్చేవాని రక్తంలోకి ఒక్కొక్క సిగరెట్ నుంచి చేరేది సుమారు 1 మిల్లీగ్రాము మాత్రమే. పైగా సిగరెట్‌కు ఒక చివర ఉన్నది. నిప్పు వేళ్ళను సమీపించినప్పుడు అది ముగుస్తుంది. వేప్‌కు అట్టి ముగింపు లేదు. మాటల మధ్య, చదువు మధ్య, ఆటల మధ్య ఎన్నిసార్లు పీల్చినదీ లెక్క ఉండదు. శుద్ధ నికోటిన్ గొంతును మండిస్తుంది. ఆ మంటే ఒక హద్దు. తయారీదారులు దానికి బెంజోయిక్ ఆమ్లం కలిపి ఆ మంటను తగ్గించారు. పండ్ల రుచులు చేర్చి చేదును కప్పారు. ఆ విధంగా గొంతు చెప్పవలసిన మొదటి హెచ్చరిక అణగిపోయింది. చెప్పే భారం కడుపు మీద పడింది.

పీల్చిన నికోటిన్ ఊపిరితిత్తుల నుంచి కొన్ని సెకన్లలో మెదడును చేరుతుంది. మెదడు అడుగుభాగంలో రక్తంలోని విషాలను పసిగట్టే చిన్న ప్రదేశం ఉన్నది. అది ప్రేరేపితమైతే వికారం పుడుతుంది. అదే సమయంలో అడ్రినలిన్ పెరిగి గుండె వేగంగా కొట్టుకొంటుంది. నోట నీరు ఊరుతుంది. ప్రేగుల కదలిక మారుతుంది.

నికోటిన్ ఒక్కటే దోషి కాదు. ద్రవంలోని ప్రొపిలీన్ గ్లైకాల్ నోటిని, గొంతును ఎండబెట్టి దగ్గు తెప్పిస్తుంది. ద్రవం అడుగంటినప్పుడు దూది మాడి, ఫార్మాల్డిహైడ్ వంటి ఘాటైన పదార్థాలు ఆవిరిలో చేరతాయి. ఇక రుచుల మాట. తినడానికి తగినది పీల్చడానికి తగినది కానక్కరలేదు. 2000లో అమెరికాలోని మిస్సోరీలో పేలాల కర్మాగారపు కార్మికులకు తీవ్రమైన ఊపిరితిత్తుల జబ్బు బయటపడింది. వెన్న వాసన కోసం వాడిన డయాసిటైల్ ఆవిరే దానికి కారణమని తేలింది. అదే పదార్థం పేలాలలో తిన్నవారికి ఆ ముప్పు లేదు.

ఇంత చెప్పినా, అసలైన ప్రమాదం వికారం కలగడం కాదు, కలగకపోవడం. పీల్చగా పీల్చగా దేహం ఆ విషానికి అలవాటుపడుతుంది. కావలివాడు పిలిచి పిలిచి విసిగి ఊరకుంటాడు. అటుపై నికోటిన్ లేనిదే చిరాకు, అశాంతి, ఏకాగ్రత లోపం. వాటిని పోగొట్టుకోవడానికి మళ్ళీ పీల్చి, హాయి దొరికిందని భ్రమపడతారు. తాను కలిగించిన బాధను తానే కాసేపు తగ్గించే వస్తువు మిత్రుడు ఎట్లా అవుతుంది? గురజాడ వారి ‘కన్యాశుల్కం’లో గిరీశం వద్ద వెంకటేశానికి అబ్బిన విద్య చుట్ట కాల్చడమే. అట్టి గురువులు ప్రతి తరంలోనూ ఉంటారు. చేతిలోని వస్తువు మాత్రం మారుతుంది.

భారతదేశం 2019లో ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటనలను చట్టంతో నిషేధించింది. బ్రిటన్ 2025 జూన్ 1 నుంచి డిస్పోజబుల్ వేప్‌ల అమ్మకాన్ని ఆపివేసింది. నిషేధం ఉన్నచోట చాటుగా చేతులు మారే వస్తువులో ఏమున్నదో పూచీ పడేవారుండరు.

వేప్ పీల్చి వికారపడినవాడు వెంటనే దానిని వదలి, గాలి తగిలే చోట కూర్చోవాలి. వాంతులు ఆగకపోయినా, ఊపిరి ఆడకపోయినా, స్పృహ తప్పినా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. చూసినవారు పరిహసించరాదు, పెద్దలకు తెలుస్తుందనే భయంతో దాచనూ రాదు.

తోటివారి ముందు వాంతి చేసుకోవడం అవమానంగా తోచవచ్చు. కాని ఆ క్షణాన దేహం ఓడిపోలేదు. తన ధర్మం తాను నిర్వర్తించింది. ఆ మొదటి మాటకే చెవి ఒగ్గి వద్దనగలిగినవాడు, అలవాటయ్యాక పడవలసిన పెద్ద పోరాటాన్ని తప్పించుకొంటాడు. యౌవనంలో అలవరచుకోదగిన ధైర్యాలలో ‘వద్దు’ అనగల ధైర్యం ముఖ్యమైనది.