లైన్ క్లియర్!

'రైలు తప్పితే వెనకాల ఇంకో రైలుంటుంది. ఓడ తప్పితే ఏముంటుందమ్మా?'

మూడు కాగితాల నిండా నేను రాసుకున్న ప్లాను చదివి నాన్న అడిగిన మొదటి ప్రశ్న ఇది. ముప్ఫై ఆరేళ్లు రైల్వేలో పనిచేసి స్టేషన్ మాస్టరుగా రిటైరైన మనిషి మరి. ప్రయాణం అనగానే ఆయన కళ్లు చూడాల్సిన ఊళ్ల మీదికి కాదు, టైముల మీదికి పోతాయి.

పోయినేడాది అమ్మానాన్నల పెళ్లయి నలభై ఏళ్లు. అమెరికాలో ఉన్న అన్నయ్య ఇద్దరికీ ఓడ ప్రయాణం బహుమతిగా ఇచ్చాడు. తోడుగా నన్నూ వెళ్లమన్నాడు. ఓడ టికెట్లు, విమానం టికెట్లు తనే కొన్నాడు. 'ఎయిర్‌పోర్టు నుంచి ఓడ దాకా ఎలా వెళ్లాలో, మధ్యలో ఏం చూడాలో నువ్వు చూసుకో' అన్నాడు. అదేం పెద్ద పనిలే అనుకున్నాను. తీరా చూస్తే అసలు ప్రయాణమంతా అక్కడే ఉంది!

కాగితం మీద మా ఓడ రోమ్ నుంచి బయల్దేరుతుంది. నిజానికి రోమ్‌లో ఓడలు ఆగవు. ఆగేది చివితావెక్కియా అనే ఊళ్లో. రోమ్ నుంచి దాదాపు 70 కిలోమీటర్లు. విమానం దిగే ఫియుమిచినో ఎయిర్‌పోర్టు నుంచి 60 కిలోమీటర్ల పైమాటే. చాలామంది చేసే పొరపాటేమిటంటే, ఎయిర్‌పోర్టులో ఎక్స్‌ప్రెస్ రైలెక్కి రోమ్ నడిబొడ్డున ఉన్న తెర్మినీ స్టేషన్‌కు పోతారు. అక్కడ రైలు మారి మళ్లీ పడమటి వైపే వెనక్కొస్తారు. శంషాబాద్‌లో దిగి వికారాబాద్ వెళ్లాల్సినవాళ్లు సికింద్రాబాద్ చూసొచ్చినట్టన్నమాట. నేనూ అలాగే రాశాను.

నాన్న మ్యాపు ముందేసుకుని అరగంట కూర్చున్నారు. 'ఇదిగో, ఇక్కడ జంక్షనుంది' అని వేలు పెట్టి చూపించారు. త్రస్తేవెరె అనే స్టేషన్. ఎయిర్‌పోర్టు నుంచి ప్యాసింజరు లాంటి రైల్లో అరగంట. అక్కడ దిగి చివితావెక్కియా వెళ్లే రైలెక్కితే చాలు. ఇంకో విశేషం... ఆ రైలు దారిలోనే సాన్ పియెత్రో స్టేషన్. వాటికన్‌లోని సెయింట్ పీటర్స్ చర్చికి అక్కణ్నుంచి పది పదిహేను నిమిషాల నడక. అంటే దారి తప్పకుండానే రోమ్‌లో ఒక పెద్ద చోటు చూడొచ్చు. రాత్రికి బస అక్కడే అనుకున్నాం.

ఇక చూసే జాబితా. దిగిన సాయంత్రమే కొలోసియం, పాంథియన్, ట్రెవీ ఫౌంటెన్ అని రాశాను. నాన్న పెన్ను తీసుకుని మూడూ కొట్టేశారు. 'రెండు విమానాలు మారి వచ్చిన మీ అమ్మ మోకాళ్లతో ఇవన్నీ తిరుగుతుందా?' అన్నారు. నాకు ఉక్రోషం వచ్చింది. అంత దూరం వెళ్లి కొలోసియం చూడకపోతే నలుగురూ నవ్వరూ? చివరికి ఒక్కటి మాత్రం నిలబెట్టుకున్నాను. మర్నాడు ఉదయం 9 గంటలకు వాటికన్ మ్యూజియం. సిస్టీన్ చాపెల్ పైకప్పు మీద మైకెలాంజిలో వేసిన బొమ్మలు చూడాలని నాకు కాలేజీ రోజుల నుంచీ కోరిక. మూడు టికెట్లకు 75 యూరోలు ముందే కట్టేశాను. అది చూసి, పన్నెండింటి రైలెక్కితే సాయంత్రం 5 గంటల ఓడకు బోలెడంత టైము. ఓడ అయిదింటికి అంటే అయిదింటికి వెళ్తే చాలదు సుమండీ. గంట, గంటన్నర ముందే తలుపులు మూసేస్తారు. అది కూడా లెక్కేసుకున్నాను.

ఒక్కటే లెక్కేసుకోలేదు. సమ్మె!

దిగిన సాయంత్రం మేం బస చేసిన ఇంటావిడ తాళాలిస్తూ 'రేపు శుక్రవారం, షోపెరో' అంది. రైల్వే వాళ్ల సమ్మె. ఉదయం 9 నుంచి సాయంత్రం 5 దాకా. నా గుండె గుభేలుమంది. ఇటలీలో రైళ్ల సమ్మెకు కనీసం పది రోజుల ముందు నోటీసు ఇవ్వాలని చట్టం. బయల్దేరే ముందు ఒక్కసారి చూసుకుని ఉంటే తెలిసేది. తప్పు ఎవరిదీ కాదు, నాదే.

'టాక్సీలో పోదాం' అన్నాను. 'రేపు ఊరంతా టాక్సీల వెనకే పరిగెడుతుంది' అన్నారు నాన్న. సమ్మె రోజుల్లో కూడా పనిదినాల్లో ఉదయం 6 నుంచి 9 దాకా, సాయంత్రం 6 నుంచి 9 దాకా కొన్ని ప్రాంతీయ రైళ్లు తప్పనిసరిగా నడపాలట. ఆ సంగతి ఆవిడే చెప్పింది. 'లైన్ క్లియర్ ఉన్నప్పుడే బండి వదలాలమ్మా. ఎనిమిదింటి రైలెక్కేద్దాం' అని నాన్న తేల్చేశారు.

'మరి నా మ్యూజియం? డెబ్బై అయిదు యూరోలు!' నా గొంతు కాస్త పెద్దదే అయ్యింది. నాన్నా పెంచారు. అప్పటిదాకా కాళ్లకు నూనె రాసుకుంటున్న అమ్మ తలెత్తి 'చర్చి ఎన్నింటికి తీస్తారు?' అంది.

మా ఇద్దరికీ నోట మాట లేదు. ఇన్నాళ్లూ టైములు ఆయన చూశారు, చోట్లు నేను చూశాను. అమ్మను ఏం చూడాలనుందో ఇద్దరిలో ఒక్కరమూ అడగలేదు.

చర్చి తీసేది ఉదయం 7 గంటలకు. ఆరింటికే లేచి బయల్దేరాం. సామాను ఇంటావిడ దగ్గరే ఉంచాం. మధ్యాహ్నం ఇసకేస్తే రాలనంత జనం ఉండే ఆ చౌకులో ఆ వేళ పావురాలు, నీళ్లు కొట్టి ఊడ్చేవాళ్లు, మేము. లోపలికెళ్లగానే కుడి చేతి వైపు, అద్దం వెనకాల మైకెలాంజిలో చెక్కిన పియెతా. చనిపోయిన ఏసును ఒళ్లో పడుకోబెట్టుకున్న మేరీ మాత. 1972లో ఒకతను సుత్తితో కొట్టి పాడుచేశాక బాగుచేసి ఆ అద్దం పెట్టారు. అమ్మ దాని ముందు చాలాసేపు నిలబడింది. మోకాళ్ల సంగతే మర్చిపోయింది. 'చూశావా, ఆవిడ ఏడవట్లేదు' అంది మెల్లగా. అంతే.

సిస్టీన్ చాపెల్ చూడలేదన్న బాధ నాకు పోయిందని చెప్పను. కానీ ఆ పది నిమిషాలు నా మూడు కాగితాల్లో ఎక్కడా లేవు.

స్టేషన్‌లో కాగితం టికెట్‌ను మెషిన్లో పెట్టి ముద్ర వేయించుకోవాలి. లేకపోతే టికెట్ ఉన్నా జరిమానాయే. నాన్న ఆ మూడు ముద్రలూ తనే వేశారు, మళ్లీ డ్యూటీలో చేరినంత సంబరంగా. ఎనిమిది దాటాక వచ్చిన రైలు తొమ్మిది దాటేసరికి మమ్మల్ని చివితావెక్కియాలో దించింది. అక్కణ్నుంచి లార్గో దెల్లా పాచె అనే చోటికి ఒక బస్సు, అక్కణ్నుంచి ఓడ దగ్గరికి పోర్టు బస్సు.

ఓడ ఎక్కించుకునేదాకా చాలా టైముంది. సముద్రం పక్కన బెంచీ మీద కూర్చుని జంతికలు, సున్నుండలు తిన్నాం. ఎదురుగా 16వ శతాబ్దంలో కట్టిన కోట. దాని పెద్ద బురుజు పైభాగం మైకెలాంజిలో గీసిన ప్లానేనని చెబుతారు, కోటకు ఆయన పేరే. ఈ రేవును కట్టించింది రోమన్ చక్రవర్తి ట్రాజన్, దాదాపు 1900 ఏళ్ల కిందట. యాత్రికుల్లో ఎక్కువమంది ఈ ఊరిని బస్సు కిటికీలోంచి చూసి వెళ్లిపోతారు. మాకు మాత్రం రెండు గంటలు దొరికింది.

మూడు దాటాక టాక్సీల్లోంచి దిగి, పెట్టెలు ఈడ్చుకుంటూ చెమటలు కక్కుతూ పరిగెత్తుకొచ్చినవాళ్లను ఓడ పైనుంచి చూశాం. నాన్న నావైపు చూశారుగానీ ఏమీ అనలేదు. అదే నయం!

ఓడ కదిలింది. నాన్న వాచీ చూసుకున్నారు. పచ్చజెండా ఊపుతున్నట్టు చెయ్యి కాస్త పైకి లేపి, 'రైట్ టైమ్' అన్నారు.