ద్వీపం దాటని రెక్కలు

ధనుష్కోటికీ తలైమన్నారుకూ నడుమ సముద్రం ఇరవై మైళ్ళు కూడా లేదు. ఆ నీటిపై వానరులు వారధి కట్టారని రామాయణం చెబుతుంది. వలసపక్షులు ఏటా దానిని అవలీలగా దాటిపోతాయి. అయినా, ఆరంగుళాలకు మించి రెక్కలు చాచగల ఒక సీతాకోకచిలుక మాత్రం లంకలో తప్ప లోకంలో మరెక్కడా కానరాదు.

పందొమ్మిదో శతాబ్ది నడుమ, బ్రిటిష్ మ్యూజియం పండితుడు జార్జ్ రాబర్ట్ గ్రే దీనిని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. ఇంగ్లీషువారు ఈ జాతివాటికి పక్షిరెక్కలని పేరు పెట్టారు. పేరు తగినదే. నల్లని పట్టువంటి ముందురెక్కలు, మేలిమి పసుపు నిండిన వెనుకరెక్కలు. చెట్ల కొనలమీదుగా తొందర లేక సాగే గమనం. ఆడది మగదానికంటె పెద్దది. నేడిది శ్రీలంకకు జాతీయ శలభం.

ఇంతటి సొగసుకు మూలం ఒక చేదుతీగె. సింహళీయులు దానిని సప్సంద అంటారు. తెలుగువారి ఈశ్వరి అదే. మలయాళదేశంలో దాని పేరు గరుడక్కొడి. అక్కడి కొండలలో తిరిగే దాయాది శలభానికి గరుడశలభమని పేరు. పామువిషానికి ఇది విరుగుడని నాటువైద్యులు ఎంతోకాలంగా నమ్ముతూ వచ్చారు. కాని ఈ కుటుంబపు మొక్కలలోని ఒక ఆమ్లం మనిషి మూత్రపిండాలను చెరుపుతుందని 1990లలో వైద్యులు గుర్తించారు. మనిషికి చేటయినది పురుగుకు కవచమయింది. గొంగళిపురుగు ఆ ఆకునే తిని, ఆ విషాన్నే ఒంట నిలుపుకొంటుంది. దానిని రుచిచూచిన పక్షి మరల జోలికి రాదు.

అయితే ఆ కవచం గొడ్డలికి అడ్డురాదు. పందొమ్మిదో శతాబ్దిలో కాఫీతోటలకోసం లంక కొండలమీది అడవులను విస్తారంగా నరికారు. 1869లో ఆకుతెగులు పుట్టి కాఫీని నాశనం చేసింది. ఆ నేలలో తేయాకు వచ్చింది. అడవి తిరిగి రాలేదు.

శలభం తోటలలోని పూలకు కూడా వస్తుంది; ఏ పూవులో తేనె ఉన్నా తాగుతుంది. గుడ్డు పెట్టవలసిననాడు మాత్రం ఈశ్వరి జాతి తీగెనే వెదుకుతుంది. తోటమాలి కంటికి ఆ తీగె కలుపు. దేశాలమధ్య ఈ శలభం వ్యాపారాన్ని అంతర్జాతీయ ఒడంబడిక కట్టడి చేస్తున్నది. కలుపుతీసే కొడవలికి ఆ ఒడంబడిక తెలియదు.

లంకవారు తమ పవిత్రశిఖరాన్ని సమనల కంద అంటారు. సీతాకోకల కొండ అని దాని అర్థం. సీతాకోకలు గుంపులుగా ఆ శిఖరానికి యాత్ర సాగించి అక్కడే ప్రాణాలు విడుస్తాయని జనశ్రుతి. ఆ యాత్రను ఆపేవారు లేరు. కావలసినదల్లా అవి బయలుదేరడానికి ఒక చోటు. పెరటికంచెమీద ఒక చేదుతీగెను పెరగనిచ్చిన గృహస్థు ఆ చోటు ఇచ్చినవాడే అవుతాడు.